మిలట్రీ తాతయ్య సంస్మరణ: సంచిక, సభ ఎలా సిద్ధం చేసుకోవాలి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు వీధుల్లో మిలట్రీలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరుంటే వీధి వీధంతా ఆయన గుమ్మమే ఎక్కుతుంది. పింఛను ఫారం నింపాలన్నా, రామనవమి పందిరి వేయాలన్నా, తుపాను రాత్రి బడి తాళం తీయించాలన్నా ఆయనే. అలాంటి మనిషి పోయాక పదమూడో రోజున ఒక ఫ్లెక్సీ కట్టి, నలుగురి చేత "మహానుభావుడు, దేశభక్తుడు, సేవామూర్తి" అనిపించి లేచిపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే. ఆ మాటలు ఎవరికైనా అతుకుతాయి. ఆయన ఒక్కరికే అతికే మాటలు కావాలంటే వెతకాలి, అడగాలి, సరిచూసుకోవాలి. దానికి నాలుగైదు నెలలు పడుతుంది.

అందుకే సభను పెద్దకర్మకు కాకుండా మొదటి సంవత్సరీకానికి పెట్టుకోండి. సేకరణ మాత్రం పెద్దకర్మ అయిన వారంలోనే మొదలుపెట్టాలి. ఆయన ఈడువాళ్ళు ఎనభై దాటి ఉంటారు. ఏడాది ఆగితే చెప్పేవాళ్ళు తగ్గిపోతారు.

అన్నిటికంటే ముందు ఇల్లాలి పింఛను

సంస్మరణకు కావలసిన కాగితాలూ, ఆయన భార్యకు కుటుంబ పింఛను రావడానికి కావలసిన కాగితాలూ దాదాపు ఒకటే. కాబట్టి వరుస తప్పకండి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో చేస్తారు, ఆ తర్వాత అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్తుంది. ధ్రువపత్రం కనీసం పది కాపీలు తీయించి పెట్టుకోండి. ఆయన పోయిన తర్వాత ఖాతాలో పడిన పింఛను సొమ్మును ఏటీఎంలో తీయవద్దు. అది ఎలాగూ వెనక్కి రాబడతారు, దానివల్ల ఆమె ఫైలు ఆగుతుంది. బ్యాంకుకు గానీ, పింఛను స్పర్శ్‌లోకి (రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ) మారి ఉంటే అక్కడ గానీ మరణాన్ని తెలియజేసి, మిలట్రీ నుంచి విడుదలయ్యేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కులోనూ పీపీఓలోనూ (పింఛను మంజూరు ఉత్తర్వు) ఆమె పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌తో పోల్చి చూడండి. అక్షరం తేడా ఉంటే జిల్లా సైనిక బోర్డు కార్యాలయానికి ఆ రెండు కాగితాలతో వెళ్ళాలి. అక్కడ పని సాగుతుండగానే మీ సేకరణ మొదలుపెట్టుకోవచ్చు.

ట్రంకు పెట్టె తెరవడం

ప్రతి మిలట్రీ ఇంట్లో ఒక నల్ల ఇనప ట్రంకు ఉంటుంది. మూత మీదో ముందువైపునో తెల్ల రంగుతో నంబరు, హోదా, పేరు, యూనిట్ రాసి ఉంటాయి. పెళ్ళి పనులప్పుడు ఇంటికి సున్నం వేస్తూ ఆ పెట్టెకూ ఒక పూత పూసేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. కొన్నిసార్లు ఆయన ఏ యూనిట్‌లో ఉన్నారో చెప్పే ఏకైక ఆధారం ఆ తెల్ల అక్షరాలే. వెలిసిపోయి ఉంటే సాయంత్రం పూట టార్చిలైటు పక్కనుంచి, ఏటవాలుగా వేసి ఫోటో తీయండి. ఎదురుగా వెలుగు పడితే కనిపించని గీతలు అప్పుడు తేలుతాయి. కొన్ని పెట్టెల మీద పాత హోదా కొట్టేసి కొత్తది రాసి ఉంటుంది. ఆ రెండు పొరలనూ విడివిడిగా రాసుకోండి, ఆయన ప్రమోషన్ల వరుస అక్కడే దొరకవచ్చు.

లోపల మొదట వెతకవలసింది డిశ్చార్జి బుక్కు. చేరిన తేదీ, విడుదలైన తేదీ, ట్రేడు, పతకాలు, ప్రవర్తన మీద రాసిన మాట, ఒంటి మీది పుట్టుమచ్చలు, అన్నీ అందులో ఉంటాయి. ప్రతి పేజీనీ, ఖాళీ పేజీలతో సహా స్కాన్ చేయండి. పుస్తకం దొరక్కపోతే ఆయన రెజిమెంటు రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయాలి. మద్రాస్ రెజిమెంటుదైతే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లదైతే (ఇంజనీరు దళం) బెంగళూరు, ఫిరంగి దళానిదైతే నాసిక్ రోడ్. ఉత్తరంలో సర్వీసు నంబరు, హోదా, పేరు, మీ బంధుత్వం, మరణ ధ్రువపత్రం నకలు తప్పనిసరి. నంబరు లేకుండా పేరు ఒక్కటే రాస్తే ఏమీ తేలదు. ఆ పేరుతో వందలమంది ఉంటారు.

తర్వాత ఉత్తరాలు. కవరు మీద 56 ఏపీఓ (ఏపీఓ అంటే సైనిక తపాలా కార్యాలయం) అని గానీ 99 ఏపీఓ అని గానీ ఉంటుంది. ఊరి పేరు కావాలనే రాయరు. 99 ఏపీఓ కలకత్తా మీదుగా తూర్పు వైపు వెళ్ళే టపా, 56 ఏపీఓ ఢిల్లీ మీదుగా వెళ్ళేది. కాబట్టి ఉత్తరం తేదీ, ఏపీఓ నంబరు కలిపి ఒక పట్టిక వేసుకుంటే ఏ ఏడాది ఆయన ఏ దిక్కున ఉన్నారో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మనియార్డరు కూపన్లను చెత్త అనుకుని పారేయకండి. ఆ చిన్న చీటీలో రెండే వరుసలు రాయడానికి చోటుండేది. "పిల్ల ఫీజు కట్టు, అమ్మకు కళ్ళజోడు చేయించు" అన్నలాంటి రెండు వరుసలు, ఆ ఇంటిని ఆయన దూరం నుంచి ఎలా నడిపారో ఏ ఉపన్యాసమూ చెప్పలేనంత చెబుతాయి.

ఫోటోల దగ్గర ఎక్కువ నష్టం జరుగుతుంది. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి, చెమ్మకు పాత ఫోటో ఫ్రేము గాజుకు అతుక్కుపోతుంది. అలా అతుక్కున్నదాన్ని లాగితే మొహం గాజు మీదే ఉండిపోతుంది. ఫ్రేము వెనక అట్ట మాత్రం తీసి, గాజుతో సహా స్కానర్ మీద పెట్టండి. విడి ఫోటోలను 600 డీపీఐలో స్కాన్ చేయించాలి. మూడంగుళాల బొమ్మను సంచికలో ఆరంగుళాలకు పెంచినా అప్పుడు పగలదు. ఫోన్‌తో ఫోటోకు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే బరువు తగ్గించి పంపుతుంది, అచ్చులో మొహాలు ముద్దవుతాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, అంచున, నొక్కకుండా రాయాలి. బాల్ పెన్ను గాటు ముందువైపుకు తేలుతుంది. యూనిట్ గ్రూపు ఫోటోకైతే నకలు తీసి, దాని మీద తలకొక అంకె వేసి, పక్క కాగితంలో అంకెకు ఎదురుగా పేరు రాయండి. ఆ నకలునే పాత స్నేహితుల దగ్గరికి తీసుకువెళ్ళాలి. అసలు ఫోటో ఇల్లు కదలకూడదు.

పతకాలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

సభ రేపనగా పతకాలను చింతపండు పెట్టి తోమే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఇత్తడి చెంబుకు అది మంచిదే, పతకానికి కాదు. మన దేశపు పతకం అంచు చుట్టూ సన్నటి అక్షరాల్లో ఆయన నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. పులుపు ఆ గీతలను తినేస్తుంది. పొడి నూలుగుడ్డతో దుమ్ము తుడిచి, భూతద్దం పెట్టి, అంచు తిప్పుతూ చదవండి. హోదా అక్కడ సిపాయి అని ఉండి, డిశ్చార్జి బుక్కులో హవల్దార్ అని ఉంటే తప్పేమీ కాదు. ఆ పతకం వచ్చేనాటికి ఆయన సిపాయి అని అర్థం.

పతకాల పేర్ల దగ్గరే సంచికల్లో పెద్ద తప్పులు పడతాయి. సేనా మెడల్ వేరు, సైన్య సేవా మెడల్ వేరు. మొదటిది సాహసానికో విశిష్ట సేవకో పేరు ప్రకటించి ఇచ్చేది. రెండోది నిర్ణీత ప్రాంతాల్లో నిర్ణీత కాలం పనిచేసినవారికి ఇచ్చేది. రెండూ గౌరవమే, కానీ ఒకదాన్ని ఇంకొకటిగా అచ్చు వేస్తే సభకు వచ్చిన పాత సైనికులకు మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. అలాగే 1971 యుద్ధానికి పూర్వీ స్టార్ తూర్పు రంగానిది, పశ్చిమీ స్టార్ పడమటి రంగానిది. సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉంటే ఆయన ఢాకా వైపు వెళ్ళారని రాయకూడదు. అది ఎంతో విస్తారంగా ఇచ్చిన పతకం. 1965కు సమర సేవా స్టార్, రక్షా మెడల్ మధ్య కూడా ఇదే తేడా. శ్రీలంక వెళ్ళినవారికి స్పెషల్ సర్వీస్ మెడల్ రిబ్బను మీద శ్రీలంక అని ఉన్న లోహపు పట్టీ ఉంటుంది. స్వాతంత్ర్య రజతోత్సవ పతకం 1972 ఆగస్టు 15 నాటికి, స్వర్ణోత్సవ పతకం 1997 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవారిది. డిశ్చార్జి బుక్కు పోయిన ఇంట్లో ఈ రెండూ, 9, 20, 30 ఏళ్ళ దీర్ఘసేవా పతకాలూ సర్వీసు కాలాన్ని లెక్కకట్టడానికి అక్కరకు వస్తాయి.

ఫ్రేము కట్టించేటప్పుడు వరుస చూసేవారి ఎడమ నుంచి మొదలవ్వాలి, పెద్ద పతకం అక్కడ. ఫెవికాల్ పెట్టవద్దు. తెల్లటి నూలుగుడ్డ మీద రిబ్బను పైభాగాన్ని దారంతో కుట్టండి. రిబ్బనుకు ఇస్త్రీ పెట్టకండి, రంగు మాడుతుంది. గాజుకూ పతకానికీ మధ్య అరంగుళం ఖాళీ ఉండాలి. ఫ్రేము వెనక అట్టకు చిన్న సిలికా జెల్ సంచి అంటించి, వానాకాలం ముందు మార్చుతూ ఉంటే చాలు.

అడిగే పద్ధతి

"తాతగారు ఎలాంటివారు?" అని అడిగితే "దేవుడండీ" అంటారు. అక్కడితో ఆగిపోతుంది. ఆయన చేసిన పనిని అడగాలి. "పైలిన్ తుపాను రాత్రి మీరెక్కడ పడుకున్నారు? తలుపు ఎవరు తీశారు? మర్నాడు నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి?" అని మొదలుపెడితే ఆయన ఆ జవాబులో తనంతట తానే నడిచి వస్తారు.

ఈ ప్రాంతంలో జనం సంవత్సరం చెప్పరు, తుపాను చెబుతారు. అదే మీ క్యాలెండరు. దాన్ని సరిగ్గా పట్టుకోండి. 1999 అక్టోబరులో రెండు వచ్చాయి. 17, 18 తేదీల్లో గంజాం మీద ఒకటి, 29న జగత్‌సింగ్‌పూర్ వైపు మహాతుపాను. గంజాం తెలుగువాళ్ళు "సూపర్ సైక్లోన్" అంటూ చెప్పేది చాలాసార్లు మొదటిదాని సంగతి. పైలిన్ 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడింది. తేదీ ఒకటే కావడంతో ఈ రెండూ జ్ఞాపకంలో కలిసిపోతాయి. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస వైపు దాటి గజపతి, గంజాం, రాయగడ జిల్లాలను ముంచింది. పర్లాకిమిడి వైపు మనిషి "పెద్ద తుపాను" అంటే దాదాపు ఎప్పుడూ తిత్లీయే. తుపాను గుర్తులేని ఆడవాళ్ళకు బుఢీ ఠాకురాణీ అమ్మవారి యాత్ర గుర్తుంటుంది. బరంపురంలో అది రెండేళ్ళకొకసారి వస్తుంది కాబట్టి "మా రెండోవాడు కడుపులో ఉన్న యాత్ర" అంటే సంవత్సరం తేల్చవచ్చు.

రికార్డింగుకు ఫోన్ చాలు. మడిచిన తువ్వాలు మీద, మాట్లాడేవారికి ఒక జానెడు దూరంలో పెట్టి, ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. పైన ఫ్యాను ఆపించకపోతే అరగంట మాటలో సగం గాలి హోరే వినిపిస్తుంది. ఉక్కగా ఉంటుంది కనుక ఉదయం తొమ్మిదికి వెళ్ళండి. నలభై నిమిషాలు మించకూడదు. ఇంటికి రాగానే ఫైలుకు తేదీ, పేరు పెట్టండి, లేకపోతే వారానికి ఏది ఎవరిదో తెలియదు. చేతిలో ఒక వస్తువు పెట్టి అడిగితే మాట బాగా వస్తుంది: ఆయన టార్చిలైటు, రమ్ము పెగ్గు కొలిచిన గ్లాసు, పందిరి లెక్కల నోటుబుక్కు.

ఒడియా ఇరుగుపొరుగును తప్పక అడగాలి. తెలుగు ఇంటి సంచికల్లో వాళ్ళు కనిపించరు, ఇది నిజంగా బాధపడవలసిన లోపం. ఆయన చేసిన సేవలో సగం వాళ్ళ వాకిళ్ళలోనే జరిగి ఉంటుంది. వాళ్ళు ఒడియాలోనే చెప్పనివ్వండి, తెలుగు మీరు తర్వాత చేసుకోవచ్చు. "ఆజ్ఞా" అని ఆయన్ని పిలిచిన పిలుపును మాత్రం "అయ్యగారు" అని మార్చకుండా అలాగే ఉంచండి.

గుడి కమిటీ రసీదు పుస్తకాలు, పందిరి ఖాతాలు, సంఘం మినిట్స్ పుస్తకం అడిగి, ఆయన సంతకం ఉన్న పేజీలు ఫోటో తీసుకోండి. నోటిమాటకు కాగితం తోడైతే ఎవరూ కాదనలేరు. ఒక విషయాన్ని ఇద్దరు విడివిడిగా చెబితే గానీ అచ్చుకు ఎక్కించకూడదన్న నియమం పెట్టుకోండి. ఒక్కరే చెప్పినదైతే చెప్పినవారి పేరుతోనే వేయండి.

ఇంటి పెద్దగా ఆయన గురించి అడగవలసిన మొదటి మనిషి భార్య. సైనికుడికి ఏడాదికి రెండు నెలల వార్షిక సెలవు, పైన ఒక నెల క్యాజువల్ సెలవు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు అంటే, సెలవంతా దొరికిందనుకున్నా, పద్దెనిమిదేళ్ళు ఆ ఇల్లు ఆవిడ నడిపింది. సంచికలో ఆ పద్దెనిమిదేళ్ళకు పేజీ లేకపోతే ఆయన గురించి రాసింది కూడా అబద్ధమవుతుంది. పిల్లల ముందు ఆవిడ మాట్లాడదు. కూతురో మనవరాలో ఒక్కరే, వంటింట్లో, చేతిలో పని ఉండగా అడగాలి.

పేర్లు, తిథులు: సరిహద్దు చిక్కులు

ఒకే మనిషికి ఈ జిల్లాల్లో మూడు పేర్లుంటాయి. తెలుగులో ఇంటిపేరు ముందు. మిలట్రీ కాగితంలో ఇంటిపేరు వెనక్కో, పొడి అక్షరంగానో పోతుంది. ఒడియా కాగితంలో వెంకటేశ్వరరావు బెంకటేశ్వర రాఓ అవుతాడు. ఒడియాలో వకారం బకారంగా పలుకుతుంది, ఎ-ఏ, ఒ-ఓ తేడా లిపిలోనే లేదు. సంచిక మొదటి పేజీలో మూడు రూపాలూ ఒకచోట వేయండి. రేపు మనవళ్ళు ఏ కాగితం పట్టుకున్నా అది తాతదేనని పోల్చుకుంటారు. హోదా ముందు, పేరు తర్వాత, చివర రిటైర్డ్ అని రావాలి. హోదాకూ పేరుకూ మధ్య రిటైర్డ్ వేయకూడదు. విరమించింది మనిషి, హోదా కాదు. ఇంట్లో కాలం చేసిన మాజీ సైనికుడికి అమరవీరుడు, వీరమరణం అన్న మాటలు వాడవద్దు. అవి రణరంగంలో పోయినవారి మాటలు. మాజీ సైనికుడు, కీర్తిశేషులు అంటే చాలు, లోటేమీ లేదు.

తిథి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. తెలుగు పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంజికలో పౌర్ణమితో ముగుస్తుంది. శుక్లపక్షంలో నెల పేరు రెంటికీ ఒకటే. కృష్ణపక్షంలో మాత్రం ఒడియాది ఒక నెల ముందుంటుంది. మనకు భాద్రపద బహుళం వాళ్ళకు ఆశ్విన కృష్ణం. ఆయన బహుళ పక్షంలో పోయి ఉంటే, తిథిని ఒడియా పురోహితుడు రాసిచ్చి ఉంటే, దాన్ని తెలుగు పంచాంగంలో అదే నెల పేరు కింద చూసి నెల తేడాతో సంవత్సరీకం పెట్టుకునే ప్రమాదం ఉంది. ఆహ్వానంలో తెలుగు నెల, పక్షం, తిథి, దానితోపాటు ఇంగ్లీషు తేదీ తప్పక వేయండి.

వంశవృక్షం గీసేటప్పుడు మేనరికం దగ్గర తడబాటు వస్తుంది. మేనకోడలే కోడలైతే ఆవిడ రెండు కొమ్మల్లో కనిపించాలి. పేరు రెండుసార్లు రాస్తే ఇద్దరనుకుంటారు. ఒక్కసారే రాసి, రెండో కొమ్మ నుంచి చుక్కల గీత లాగండి. ఆడపిల్లలకు పుట్టింటి పేరు, మెట్టింటి పేరు రెండూ ఇవ్వండి.

సంచిక అచ్చు

రాసే తెలుగు ఇంట్లో మాట్లాడే తెలుగై ఉండాలి. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠం చెప్పినవారు. ఆ నేల మీద తాత గురించి రాస్తూ "పరమపదించిరి, అలరారిరి" అనవలసిన పని లేదు. విశేషణం కనిపించిన ప్రతిచోటా దాన్ని కొట్టేసి అక్కడ ఒక పని పెట్టండి. "సేవాతత్పరులు" అన్నచోట "తిత్లీ తర్వాత కరెంటు వచ్చేదాకా రోజూ సైకిలు మీద రెండు క్యాన్ల నీళ్ళు కొండవీధికి మోశారు" అన్న తరహా వాక్యం రావాలి, అదీ ఇద్దరు చెప్పినదై ఉండాలి. కోపం, పట్టుదల, అలిగి మాట్లాడని రోజులు కూడా కొంచెం ఉండనివ్వండి. అవి లేకపోతే ఇంట్లోవాళ్ళకే ఆయన పోలిక దొరకదు.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు గుణకంలో రావాలి. 32 లోపలి పేజీలు, 4 అట్ట పేజీలు సరిపోతాయి. లోపల 70 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మాప్‌లితో కాగితం, ఫోటోల ఎనిమిది పేజీలకు ఆర్ట్ పేపర్, అట్టకు 250 జీఎస్ఎం ఆర్ట్ కార్డ్. అరవై పేజీలు దాటితే పిన్ను పట్టదు, జిగురు బైండింగుకు వెళ్ళాలి. ఒడిశా వైపు చాలా అచ్చాఫీసుల్లో తెలుగు కంపోజింగు తెలిసినవారు ఉండరు. ఇచ్ఛాపురంలోనో శ్రీకాకుళంలోనో పేజీలు కట్టించి, ఫాంట్లు లోపల పొదిగిన పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. యూనికోడ్ వచనాన్ని పాత పేజ్‌మేకర్‌లో అతికిస్తే ఒత్తులన్నీ విడిపోతాయి. అను ఫాంట్లకు (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) మార్చాకనే పెట్టాలి, మార్చిన తర్వాత క్ష, జ్ఞ, ర-వత్తు ఉన్న పదాలన్నీ మళ్ళీ చదవాలి. ఒడియా పేజీలను ఒడియా తెలిసినవారే సరిచూడాలి.

రాతి ఫలకం వేయించేట్టయితే అక్షరాలను అసలు సైజులో కాగితం మీద అచ్చు తీసి, ఇంట్లో ముగ్గురు చదివి సంతకం పెట్టాకే చెక్కించండి. తెలుగు రాని శిల్పి అక్షరాన్ని బొమ్మలా చూసి చెక్కుతాడు. ప, వ, మ తారుమారవుతాయి. జ్ఞాపకార్థం అన్నదాన్ని ధకారంతో చెక్కిన రాళ్ళు ఎన్నో ఊళ్ళలో కనిపిస్తాయి. అక్కడ థకారమే ఉండాలి.

సభ రోజు

మార్గశిర గురువారాలు తప్పించండి. ఆ రోజు ఒడియా ఇళ్ళలో ఆడవాళ్ళు మాణబసా అనే లక్ష్మీపూజలో ఉంటారు, ఎవరూ రాలేరు. కార్తికంలో పెడితే ఉల్లి, వెల్లుల్లి లేని వంటే చేయించండి. సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టి ఆరుకు ముగిస్తే ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్ళు రాత్రికి ఇల్లు చేరుకుంటారు.

జాతీయ జెండాను బల్ల మీద పరచకూడదు, ఫోటో మీద కప్పకూడదు. గోడకు నిలువుగా కడితే కాషాయం చూసేవారి ఎడమ వైపు రావాలి. అంత్యక్రియల్లో పార్థివదేహం మీద జెండా కప్పేది ప్రభుత్వ, సైనిక లాంఛనాలతో జరిగినప్పుడే. ఇంట్లోవాళ్ళు సొంతంగా కప్పితే అది నేరం కిందికి వస్తుంది. ఇష్టంకొద్దీ చేసినా పెద్దాయనకే అగౌరవం.

మాట్లాడేవారు ఆరుగురు చాలు, తలా నాలుగు నిమిషాలు. ఎవరు ఏ సంగతి చెబుతారో ముందే పంచండి, లేకపోతే ఆరుగురూ పైలిన్ గురించే చెబుతారు. ఒక పాత సైనికుడు హిందీలోనైనా సరే, ఒక ఒడియా పొరుగువారు, ఒక కూతురో కోడలో, గుడి కమిటీ నుంచి ఒకరు, ఆయన దగ్గర ఫారాలు నింపించుకున్న ఒక మనిషి, ఒక మనవడు. మైకు దగ్గర నిలబడి చెప్పలేనివారి మాటను రికార్డింగు నుంచి ఒకటిన్నర నిమిషం వినిపించండి. గొంతు వినగానే సభ నిశ్శబ్దమైపోతుంది. రెండు నిమిషాల మౌనానికి ఒకరు గడియారం పట్టుకోవాలి. లేకపోతే నలభై సెకన్లకే ఎవరో దగ్గుతారు, అందరూ కూర్చుంటారు. జాతీయ గీతం చివర, అందరూ లేచి పాడాలి.

వంద మందికి పులిహోరకు ఎనిమిది కిలోల బియ్యం. టీకి పాలు ఐదు లీటర్లు, నీళ్ళు నాలుగు, పొడి పావుకిలో, చక్కెర అరకిలో పైన. మధుమేహం ఉన్న పెద్దలు ఎక్కువ కాబట్టి రెండు లీటర్లు చక్కెర లేకుండా ముందే పక్కన తీసిపెట్టాలి.

ఆయన పేరుతో చేసే పని

వేదిక మీద ఉత్సాహంలో స్కాలర్‌షిప్ ప్రకటించి మూడో ఏడాదికి మరచిపోవడం చూస్తూనే ఉంటాం. ముందు డబ్బు బ్యాంకులో వేశాకే ప్రకటించండి. లక్ష రూపాయల డిపాజిట్‌కు 6.5 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 6,500. ఒక పిల్లకు పుస్తకాలు, పరీక్ష ఫీజు, అంతే వస్తుంది. అంతకు మించి చెప్పవద్దు. రక్తదాన శిబిరమైతే లైసెన్సున్న రక్తనిధితో నెల ముందే మాట్లాడాలి. దాతకు 18 ఏళ్ళు నిండాలి, బరువు 45 కిలోలకు, హిమోగ్లోబిన్ 12.5కు తగ్గకూడదు. మగవారికి మూడు నెలలు, ఆడవారికి నాలుగు నెలలు ఎడం ఉండాలి. మే నెలలో పెడితే ఎండకు కళ్ళు తిరిగి పడతారు. ఆయన తిథి ఎండాకాలంలో వస్తే శిబిరాన్ని డిసెంబరు 7కు, సాయుధ దళాల పతాక దినానికి మార్చుకోండి.

స్కాన్లు, రికార్డింగులు మూడు చోట్ల ఉండాలి: ఇంట్లో ఒక హార్డ్ డిస్కు, వేరే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గర ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి. అసలు కాగితాలను తిరిగి ట్రంకులోనే పెట్టండి. నాఫ్తలీన్ ఉండలు వద్దు, ఫోటోలు పాడవుతాయి. ఏ కవరులో ఏముందో ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి, మూత లోపలి వైపు దారంతో కట్టండి. పెట్టెను నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద, బయటి గోడకు జానెడు ఎడంగా పెట్టాలి.